చింతపండు తొందరపడితే

"మాస్టారూ, పప్పుకు కూడా దిష్టి తగులుతుందా?" అంటూ మొన్న రాత్రి మా పైవాటా అమ్మాయి గిన్నెతో దిగివచ్చింది. విశాఖ నుంచి ఒడిశా కొండల్లోని మా కొరాపుట్‌కు ఈమధ్యే వచ్చింది. ఆఫీసు నుంచి వచ్చి, ఒకే గిన్నెలో పని తేలిపోతుందని కందిపప్పు, సొరకాయ ముక్కలు, చింతపండు రసం కలిపి పొయ్యిమీద పెట్టిందట. గంట దాటినా పప్పు పలుకుగానే ఉంది. పక్కింటి ఒడియా మౌసీ మాత్రం అదే పప్పుతో, అదే బోరు నీళ్లతో, అరటికాయ, గుమ్మడి, బొప్పాయికాయ వేసి దాల్మా దించేసింది.

ఎత్తు సంగతి ముందే తేల్చేద్దాం. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది కనుక ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కొంత ఆలస్యం అందువల్లే. కానీ మౌసీ పొయ్యి కూడా ఈ కొండమీదే ఉంది కదా! దోషి, మౌసీ వేయని చింతపండు.

పప్పుబద్దను, ఆ మాటకొస్తే సొరకాయ ముక్కను కూడా, ఇటుకల గోడ అనుకోండి. కణాలు ఇటుకలు, వాటిని అతికే సున్నం పెక్టిన్. ఉడకడమంటే ఇటుకలు నలగడం కాదు, అతుకు వదలడం. మెత్తని పప్పును సూక్ష్మదర్శినితో చూస్తే కణాలు చాలావరకు చెక్కుచెదరకుండా, విడివిడిగా కనిపిస్తాయి.

పెక్టిన్ అంటే గాలక్ట్యురోనిక్ ఆమ్లం అనే చక్కెర జాతి అణువుల గొలుసు. దాని మీద మిథైల్ సమూహాలు (కార్బన్, హైడ్రోజన్‌ల చిన్న గుంపులు) ఉన్న చోట, వేడి నీటిలోని హైడ్రాక్సైడ్ అయాన్ల (క్షారగుణమిచ్చే కణాల) సాయంతో గొలుసు తెగుతుంది. దీని పేరు బీటా ఎలిమినేషన్. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ అయాన్లను దాదాపు లేకుండా చేస్తుంది, గోడ నిలబడిపోతుంది. వంటసోడా క్షారం కనుక దీనికి విరుగుడే, కానీ బి1 విటమిన్‌ను పాడుచేస్తుంది.

మిథైల్ లేని చోట రుణావేశం ఉంటుంది. అక్కడ కాల్షియం అయాను తన రెండు ధనావేశాలతో రెండు గొలుసులను కలిపి పట్టుకుంటుంది. సున్నం అని ఉపమానానికి అన్నాను గానీ, సున్నంలో ఉండేదీ కాల్షియమే! చాలాచోట్ల బోరు నీళ్లలో అది దండిగా ఉంటుంది. వేడిలో, తేమలో నెలల తరబడి ముక్కిన పప్పులో, కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థం విరిగి ఇంకాస్త కాల్షియం బయటపడుతుంది. 'నీ పప్పులు ఇక్కడ ఉడకవు' అని మొదట అన్నవాడిది బోరు నీళ్ల ఊరే అయి ఉండాలి. బడిలో కఠినజలం పాఠం సబ్బు నురగతో మొదలై నురగతోనే ముగుస్తుంది. సబ్బు బదులు పప్పు పెట్టి చూపిస్తే పిల్లలకు భోజనమైనా దక్కేది.

నీళ్లను ముందుగా మరగకాచి, తేర్చి వాడుకుంటే గిన్నె అడుగున తెల్లని పెచ్చుగా కొంత కాల్షియం వదిలిపోతుంది. పప్పు మెత్తబడ్డాకే పులుపు వేయాలి. ఇదంతా చెబితే అమ్మాయి బుద్ధిగా విన్నది.

మర్నాడు రాత్రి మళ్లీ గిన్నెతో వచ్చింది. పప్పు వెన్నలా ఉంది. సొరకాయ ముక్కలను మాత్రం పచ్చివే తీసుకెళ్లి చింతపండు రసంలో వేసిందట.