దొమ్మరోగం: చచ్చిన పశువును కోయకముందే తెలుసుకోవలసినవి

అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలోనూ, దానిని ఆనుకొని ఉన్న ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలోనూ దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, పశువుల నుంచి మనుషులకు పలుమార్లు సోకింది. పశువైద్యుడిగా గూడేల్లో నేను తరచూ వినే అపోహలివి.

అపోహ: బాగా ఉడికిస్తే చచ్చిన పశువు మాంసం తిన్నా ఏమీ కాదు.

వాస్తవం: కోత దగ్గరే ప్రమాదం మొదలవుతుంది. తోలు ఒలిచి, మాంసం కోసి, పోగులు వేసేవారి చేతిపై చిన్న గీత ఉన్నా చాలు, నెత్తుటిలోని క్రిములు లోపలికి చేరతాయి. మనుషుల్లో కనిపించే కేసుల్లో 95 శాతానికి పైగా ఇలా చర్మానికి సోకినవే. పైగా కళేబరాన్ని తెరవగానే గాలి తగిలిన క్రిములు గట్టి పొర గల సిద్ధబీజాలుగా మారతాయి. ఇవి మాంసాన్ని ఎండబెట్టినా చావవు, ఇంటి వంట వేడికి పూర్తిగా నశిస్తాయన్న భరోసా కూడా లేదు. తిన్నవారికి పేగుల్లో వ్యాధి వస్తే వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, రక్త విరేచనాలు మొదలవుతాయి, ప్రాణం మీదికి వస్తుంది. దుక్కిటెద్దును పోగొట్టుకున్న కుటుంబం మాంసమైనా దక్కించుకోవాలనుకోవడం సహజం. ఆ ఇంటికి పరిహారం త్వరగా అందించకుండా తినవద్దని మాత్రమే చెబితే మా పని సగమే జరిగినట్లని నా అభిప్రాయం.

అపోహ: పుండు నొప్పి పెట్టడం లేదు కనుక ఏదో పురుగు కుట్టి ఉంటుంది, పసరు రాస్తే మానుతుంది.

వాస్తవం: నొప్పి లేకపోవడం ఈ పుండుకు ముఖ్య లక్షణం. సాధారణంగా వారం లోపు దురదతో ఒక పొక్కు లేచి, నీటి బుడ్డగా మారి, మధ్యలో బొగ్గులా నల్లటి పెచ్చు కట్టి, చుట్టూ వాస్తుంది. వైద్యం అందకపోతే ఇలాంటి రోగుల్లో 20 శాతం వరకు మరణించవచ్చు. సకాలంలో యాంటీబయాటిక్స్ వాడితే మరణాలు చాలా అరుదు. డాక్టరు అడగకపోయినా, చచ్చిన పశువును ముట్టుకున్న సంగతి తప్పక చెప్పండి.

అపోహ: రోగిని ముట్టుకుంటే అంటుకుంటుంది.

వాస్తవం: మనిషి నుంచి మనిషికి సోకడం అత్యంత అరుదు. రోగిని వెలివేసినట్లు చూడవద్దు. పుండుకు కట్టు కట్టి ఉంచితే చాలు.

అపోహ: కళేబరాన్ని వాగులోనో పొదల్లోనో పారేస్తే పీడ పోతుంది.

వాస్తవం: సిద్ధబీజాలు మట్టిలో దశాబ్దాల పాటు బతికి ఉండి, అక్కడ మేసిన పశువులకు మళ్లీ సోకుతాయి. పశువు హఠాత్తుగా చనిపోయి, ముక్కు నుంచి గానీ మలద్వారం నుంచి గానీ గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే కత్తి పెట్టకుండా, కుక్కలను దగ్గరికి రానివ్వకుండా పశువైద్యశాలకు కబురు చేయండి. మేము చెవి నరం నుంచి నమూనా తీసుకున్నాక, రక్తం పడిన మట్టితో సహా దానిని కాల్చాలి, లేదా కనీసం 6 అడుగుల లోతున పూడ్చాలి.

అపోహ: మందలో ఒకటి చచ్చాక టీకా వేసి లాభం లేదు.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న మిగతా పశువులకు వెంటనే వేయించాలి, వ్యాధి వచ్చిన ఊళ్లలో ఏటా వానలకు ముందే వేయించాలి. ఇది జీవక్రిములతో చేసిన టీకా కనుక, ఆ రోజుల్లోనే యాంటీబయాటిక్ సూది వేస్తే పనిచేయదు. ఈ మధ్య ఏ పశువుకు ఏ మందు వాడారో టీకా వేసేవారికి ముందే చెప్పండి.