సీసా అడుగు చూపించమనండి

పిల్లలూ,

మొన్న రాత్రి మీరు పంపిన ఫొటో చూశాను. పాత ఫ్రెంచి సెంటు సీసా, 1950 నాటిదట, అడుగున ఆర్. లాలిక్ అని సంతకం ఉందట, కొనేయమంటావా అమ్మమ్మా అని అడిగారు. వద్దు. ఆ సంతకం ఫ్రాన్సులో పేరున్న గాజు కళాకారుడు రెనే లాలిక్‌ది, ఆయన 1945లో పోయారు. ఆయన బతికున్నప్పుడు సీసాల మీద పేరుకు ముందు ఆర్ అక్షరం ఉండేది, ఆ తర్వాత దాన్ని తీసేసి ఉత్త లాలిక్ అనే వేస్తున్నారు. అమ్మేవాళ్ళు చెప్పే సంవత్సరం, ఆ సంతకం రెండూ ఒకే సీసా మీద కుదరవు. సంతకం ఉంటే ధర పెరుగుతుందని మామూలు సీసాల మీద చెక్కేవాళ్ళు ఉన్నారు.

పూర్తిగా నకిలీదైతే కాస్త చూస్తే దొరికిపోతుంది. సగం అసలు, సగం అతుకు అయినదాన్ని పట్టుకోవడమే కష్టం. నాలుగేళ్ళ కిందట నేనూ ఒకటి తెప్పించుకున్నాను. మా అమ్మ బీరువాలో ఈవెనింగ్ ఇన్ పారిస్ అనే సెంటు నీలం సీసా ఉండేది, అప్పటినుంచీ నాకు ఈ సీసాలంటే ప్రాణం. పార్సిల్ విప్పి బిరడా పెట్టి చూద్దును కదా, లొడలొడలాడింది. పాత రోజుల్లో గాజు బిరడాని ఆ సీసా మూతికే సరిపోయేలా అరగదీసి కూర్చేవారు, అందుకే ఒకదాని బిరడా ఇంకోదానికి పట్టదు. బాకరా లాంటి మంచి కంపెనీల సీసాల్లో చాలావాటికి బిరడా కాడ మీద, సీసా అడుగున ఒకే నంబరు ఉంటుంది. నాకొచ్చినదాంట్లో సీసా మీద 43, బిరడా మీద 17. సీసా నిజంగా పాతదే, బిరడా మాత్రం వేరేదానిది. వారం రోజులు దాన్ని చూసినప్పుడల్లా బాధేసింది.

ఫిషింగ్ హార్బర్‌లో చేప మొప్ప ఎత్తి చూడకుండా మనం కొంటామా? ఫోన్‌లో ఎత్తి చూడలేం కాబట్టి ఫొటోలు అడగాలి. బిరడా తీసి పక్కన పెట్టి ఒకటి, మూతి పైనుంచి ఒకటి, అడుగు దగ్గరగా ఒకటి. మూతికి పెచ్చు ఊడితే అరగదీసి చదును చేసేస్తారు, అలాంటప్పుడు అంచు పదునుగా, మెడ ఉండాల్సిన దానికంటే పొట్టిగా కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి బల్ల మీద జరిగిన సీసాకి అడుగున గీతలు ఎటుపడితే అటు ఉంటాయి. ఉప్పుకాగితంతో రుద్దినవైతే అన్నీ ఒకే వైపుకి, కొత్తగా, తెల్లగా ఉంటాయి.

సీసా పక్కన నిలువుగా, అచ్చు ముక్కలు కలిసిన చోట పడే గీత ఉందేమో చూడండి. అమెరికాలో ఓవెన్స్ అనే ఆయన కనిపెట్టిన, సీసాలు చేసే యంత్రం 1903లో వచ్చింది, యంత్రం సీసాల్లో ఆ గీత మూతి అంచు దాకా పోతుంది. 1880 నాటిదంటూ గీత అంచుదాకా ఉన్నది చూపిస్తే వదిలేయండి. గీత లేకపోతే పాతదేనని మాత్రం అనుకోవద్దు, రుద్ది తీసేయొచ్చు. చెకోస్లోవేకియా అని ముద్ర ఉంటే అది 1918 తర్వాతిదే, ఆ దేశమే అప్పుడు పుట్టింది.

ముదురు ఊదారంగు చూసి మోసపోకండి. మాంగనీసు కలిపిన పాత గాజు ఎండకి ఏళ్ళ మీద లేత ఊదాకి తిరుగుతుంది, కానీ ఇప్పుడు రేడియేషన్ పెట్టి కొద్ది రోజుల్లోనే ముదురు రంగు తెప్పిస్తున్నారు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. సెంటో నీళ్ళో ఏళ్ళ తరబడి లోపల నిలవుంటే గాజే పాడై తెల్లగా మబ్బు పడుతుంది, సబ్బు పెట్టి కడిగినా పోదు. కాస్త నూనె రాసి ఫొటో తీస్తే ఆ మబ్బు కనిపించదు, మీ ఇంటికొచ్చి నూనె పోయాక బయటపడుతుంది. అందుకని సీసా ఖాళీగా, పొడిగా ఉన్నప్పుడు కిటికీ వెలుతురులో తీసిన ఫొటో కావాలని అడగండి. ఇవ్వనంటే, రేపు పంపుతా అని తిప్పుతుంటే, ధర ఎంత తగ్గించినా వద్దు.

ఆ ఫొటోలు వస్తే నాకు పంపండి, భూతద్దం పెట్టుకుని కూర్చుంటాను. అంతవరకు డబ్బు మాత్రం కట్టకండి.

మీ అమ్మమ్మ
మహారాణిపేట, విశాఖపట్నం