నడుము వెనుక నుంచి కిడ్నీలోకి: నెఫ్రోస్టమీ ట్యూబు చరిత్ర

కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే నాళంలో రాయి ఇరుక్కున్నా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లాంటిది బయటి నుంచి దాన్ని నొక్కినా మూత్రం వెనక్కి నిలిచిపోతుంది. కిడ్నీ ఉబ్బుతుంది. వారాల తరబడి అలాగే ఉంటే శాశ్వతంగా దెబ్బతింటుంది. నిలిచిన మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా చేరితే వారాలు ఆగే వీలుండదు, గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఎంత గట్టి యాంటీబయాటిక్ ఇచ్చినా లోపలి ఒత్తిడి తగ్గనిదే మందు సరిగా పనిచేయదు. అప్పుడు నడుము వెనుక నుంచి సన్నని ట్యూబు కిడ్నీలోకి వేసి, మూత్రాన్ని బయట కట్టిన సంచిలోకి మళ్లిస్తారు. దీన్నే నెఫ్రోస్టమీ అంటారు. చాలామందికి ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా మత్తు ఇస్తే సరిపోతుంది.

ఇంత తేలిగ్గా జరిగే పని చాలాకాలం పెద్ద ఆపరేషన్‌గానే ఉండేది. 1865లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి వైద్యుడు థామస్ హిలియర్, పుట్టుకతోనే నాళం మూసుకుపోయిన ఒక చిన్న పిల్లవాడి కిడ్నీలోంచి చర్మం గుండానే పలుమార్లు ద్రవం తీశారు. ఎక్స్‌రే కూడా పుట్టని రోజులవి. కడుపు ఉబ్బు చేతికి తగిలేంత పెద్దది కాబట్టి సాధ్యమైంది. ఆ తర్వాత దాదాపు 90 ఏళ్లు ఈ దారిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కిడ్నీకి ట్యూబు వేయాలంటే కోసి తెరవాల్సిందే.

భయానికి కారణం లేకపోలేదు. గుండె నుంచి వచ్చే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. గుడ్డిగా గుచ్చిన సూది ధమనిని తాకితే ఆపడం కష్టం. 1901లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్య సంస్థలో వైద్య చిత్రకారుడు మాక్స్ బ్రోడెల్ కిడ్నీ రక్తనాళాలను చిత్రించి, ముందు, వెనుక ధమనుల శాఖల పరిధులు కలిసే చోట పెద్ద నాళాలు తక్కువగా ఉండే తలం ఉందని చూపించారు. వెనుక, కాస్త పక్కగా ఉన్న ఆ గీత వెంబడే నేటికీ సూది దించుతున్నారు. కత్తి పట్టని మనిషి పెన్సిల్‌తో చేసిన పని ఇన్ని ప్రాణాలకు అండగా నిలవడం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప విషయంగా అనిపిస్తుంది.

1955లో కాలిఫోర్నియాలో విల్లర్డ్ గుడ్‌విన్ బృందం, ఉబ్బిన కిడ్నీల్లోకి చర్మం గుండా ట్యూబు వేసిన అనుభవాన్ని ప్రచురించింది. కిడ్నీ ధమనిని ఎక్స్‌రేలో చూడబోతే సూది పొరపాటున మూత్రం చేరే గదిలోకి వెళ్లిందని, అక్కడి నుంచే ఈ ఆలోచన పుట్టిందని చెబుతారు. రెండేళ్ల ముందే, 1953లో, స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ రక్తనాళాల్లోకి ట్యూబు వేసే తన పద్ధతిని బయటపెట్టారు: ముందు సన్నని సూది, అందులోంచి తీగ, సూది తీసేసి తీగ మీదుగా ట్యూబు. లావు పరికరంతో నేరుగా పొడవాల్సిన అవసరం దీంతో తప్పింది. 1974లో డెన్మార్క్ నుంచి అల్ట్రాసౌండ్ సాయంతో నెఫ్రోస్టమీ వేసిన నివేదిక వచ్చింది. 1976లో స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ అదే దారిలో కిడ్నీ రాళ్లు తీశారు. ఆ తర్వాత, కొస లోపల చుట్ట చుట్టుకుని నిలిచే ట్యూబులు వచ్చాయి.

కిడ్నీలోకి వెళ్లడం ఒక్కటే సరిపోదు, ఏ చోటు నుంచి వెళ్లామన్నది ముఖ్యం. మూత్రం మొదట చేరే చిన్న గిన్నెల్లాంటి భాగాలను కేలిక్స్ అంటారు. గిన్నె అంచు గుండా వెళ్తే ప్రమాదం తక్కువ, దాని మెడలోకి పక్క నుంచి గుచ్చితే ఎక్కువ. బ్రెజిల్ పరిశోధకుడు సంపాయో మృతదేహాల కిడ్నీలకు అచ్చులు పోసి పరీక్షించినప్పుడు, పై భాగంలో మెడ గుండా గుచ్చిన కిడ్నీల్లో మూడింట రెండు వంతుల వాటికి రక్తనాళాలు దెబ్బతిన్నాయి. అందుకే మామూలుగా కింది భాగంలో, వెనుకవైపు ఉన్న కేలిక్స్‌ను ఎంచుకుంటారు. పన్నెండో పక్కటెముకకు పైన గుచ్చితే ఊపిరితిత్తుల పొర తగిలే ముప్పు పెరుగుతుంది. కొందరికి పెద్దపేగు కిడ్నీ వెనక్కి జరిగి ఉంటుంది, అప్పుడు సూది పేగుకు తగలొచ్చు.

అమెరికాలోని సొసైటీ ఆఫ్ ఇంటర్వెన్షనల్ రేడియాలజీ మార్గదర్శకాల ప్రకారం, రక్తం ఎక్కించాల్సినంత రక్తస్రావం నూటికి 1 నుంచి 4 మందిలో వస్తుంది. సెప్టిక్ షాక్, అంటే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి బీపీ ప్రమాదకరంగా పడిపోవడం, మామూలుగా 1 నుంచి 3 మందిలో వస్తే, చీము పట్టిన కిడ్నీల్లో అది 7 నుంచి 9కి పెరుగుతుంది. ఒత్తిడిలో ఉన్న చీము మీద ఇంకా ఎక్స్‌రేలో కనిపించే రంగు మందు (డై) ఎక్కిస్తే బ్యాక్టీరియా రక్తంలోకి తోసుకుపోతుంది. కాబట్టి ముందు ద్రవం తీసి ల్యాబ్‌కు పంపుతారు, డై అతి తక్కువ వాడతారు, పూర్తి బొమ్మ తీయడం మరో రోజుకు వాయిదా వేస్తారు. ట్యూబు వేశాక ఒకటి రెండు రోజులు మూత్రం గులాబీ రంగులో రావడం మామూలే. తగ్గిన రక్తం కొన్ని రోజుల తర్వాత మళ్లీ ఎర్రగా వస్తే మాత్రం ధమని గోడ దెబ్బతిని ఉబ్బిందేమో అని చూడాలి. దాన్ని చాలావరకు రక్తనాళం లోపలి నుంచే మూసేస్తారు, కిడ్నీ తీసేయాల్సిన అవసరం అరుదు.

వేసేటప్పుడు వచ్చే ప్రమాదాలను వైద్యం ఇలా ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వచ్చింది. ఇంటికి వెళ్లాక వచ్చే తిప్పలు మాత్రం అంతగా తగ్గలేదు. ట్యూబు సాధారణంగా 8 నుంచి 10 ఫ్రెంచ్ సైజు, అంటే సుమారు 3 మిల్లీమీటర్ల లావు. లోపల మూత్రంలోని లవణాలు పేరుకుని మూసుకుపోతుంది కాబట్టి దాదాపు మూడు నెలలకోసారి మార్చాలి. నిద్రలో పక్కకు తిరిగితే లాగేస్తుంది. వేసిన కొత్తలో ఊడిపోతే, దారి ఇంకా గట్టిపడి ఉండదు కాబట్టి త్వరగా మూసుకుపోతుంది, మళ్లీ కొత్తగా గుచ్చాల్సి వస్తుంది. ఊడిన వెంటనే ఆసుపత్రికి రావాలన్న ఒక్క మాట డిశ్చార్జి రోజున గట్టిగా చెప్పి పంపితే రెండో సూది తప్పే అవకాశం ఉంటుంది. జ్వరం, చలి వణుకు వచ్చినా, సంచిలోకి మూత్రం రావడం ఆగినా అంతే.

మూత్రాశయం నుంచి కిడ్నీ దాకా నాళం లోపలే వేసే సన్నని గొట్టం, డీజే స్టెంట్, కూడా ఇదే పని చేస్తుంది, సంచి అక్కర్లేదు. రాయి అడ్డుపడి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు రెండింటిలో ఏది మేలన్నది ఇప్పటికీ ఒక్క మాటలో తేలలేదు. ముదిరిన క్యాన్సర్‌లో నిర్ణయం మరింత బరువైనది. ట్యూబు కిడ్నీని కాపాడుతుంది, జబ్బును ఆపదు. మిగిలిన కాలంలో కొంత భాగం ట్యూబు మార్పులకు, ఇన్ఫెక్షన్లకు, ఆసుపత్రి మంచానికి పోతుంది. ఆ సంగతి రోగితో, ఇంట్లోవాళ్లతో ట్యూబు వేయకముందే కూర్చుని మాట్లాడాలి.