లక్ష సీట్ల ఆశ ఈనాటిది కాదు

శనివారం రాత్రి ప్రీమియర్ లీగ్ మ్యాచ్ ఉందంటే తిరుపతిలో యూనివర్సిటీ హాస్టళ్లలో, భవానీనగర్ అద్దె గదుల్లో కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌ల చుట్టూ చేరతారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులైతే ఆట మాట అయిపోగానే స్టేడియం మాట ఎత్తుతారు. 2025 మార్చిలో అంత ఆర్భాటంగా లక్ష సీట్ల కొత్త స్టేడియం బొమ్మ చూపించారు కదా, అక్కడి స్థానిక కౌన్సిల్ అనుమతి ఎప్పుడిస్తుంది, పని ఎప్పుడు మొదలవుతుంది? ఈ ఎదురుచూపులో కౌన్సిల్ వంతు చాలా తక్కువ. అసలు కథ ఎప్పుడో నూట పదిహేనేళ్ల పైచిలుకు కిందటే మొదలైంది.

ముందు ఒక సంగతి. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్లో ధోని రనౌటై మనందరి గుండె పగిలిన ఓల్డ్ ట్రాఫర్డ్ వేరు, అది లాంకషైర్ క్రికెట్ మైదానం. యునైటెడ్ ఫుట్‌బాల్ స్టేడియం పేరు కూడా ఓల్డ్ ట్రాఫర్డే, దానికి దగ్గర్లోనే ఉంది. రెండూ మాంచెస్టర్ నగర పాలక సంస్థ పరిధిలోకి రావు. 1974లో ఏర్పడిన ట్రాఫర్డ్ బరో అనే వేరే స్థానిక పాలన ప్రాంతంలో ఉన్నాయి. క్లబ్బు పేరులో మాంచెస్టర్ ఉన్నా, స్టేడియం ప్లాన్లు అప్పటి నుంచీ ట్రాఫర్డ్ కౌన్సిల్‌కే వెళుతున్నాయి.

1909లో యునైటెడ్ జట్టు బ్యాంక్ స్ట్రీట్ అనే మైదానంలో, రసాయన ఫ్యాక్టరీల పొగలో ఆడేది. బీరు వ్యాపారి జాన్ హెన్రీ డేవిస్ కొత్త మైదానానికి 60 వేల పౌండ్లు పెట్టడానికి ముందుకొచ్చాడు. ఆర్చిబాల్డ్ లీచ్ అనే ఇంజనీరు లక్ష మంది పట్టేలా ప్లాన్ గీశాడు. ఖర్చు చేయి దాటిపోవడంతో దాన్ని 80 వేలకు కుదించారు. 1910 ఫిబ్రవరి 19న తొలి మ్యాచ్ లివర్‌పూల్‌తో జరిగింది, 3-4తో ఓడిపోయారు. అంటే ఇవాళ చెబుతున్న లక్ష సీట్లు కొత్త ఊహేమీ కాదు, డబ్బు చాలక అప్పుడు వదులుకున్నదే.

1941 మార్చి 11న జర్మన్ బాంబులు ఆ స్టేడియంలో చాలా భాగాన్ని నేలమట్టం చేశాయి. 1949 దాకా యునైటెడ్ తన బద్ధశత్రువు మాంచెస్టర్ సిటీకి అద్దె కట్టి వాళ్ల మెయిన్ రోడ్ మైదానంలో ఆడింది. కొత్త స్టేడియం నమూనాను ప్రకటించింది కూడా సరిగ్గా మార్చి 11నే. అది కావాలని చేశారో లేదో గానీ, పాత అభిమానులకు ఆ తేదీ ఊరికే పోదు.

1989లో హిల్స్‌బరో తొక్కిసలాటలో 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయాక, దాని మీద విచారణ జరిపిన జడ్జి టేలర్ నివేదిక వచ్చింది. పెద్ద క్లబ్బులన్నీ నిలబడి చూసే మెట్లు తీసేసి కుర్చీలు వేయాల్సి వచ్చింది. దాంతో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో పట్టే జనం సంఖ్య దాదాపు 44 వేలకు పడిపోయింది. తర్వాత స్టాండు మీద స్టాండు లేపుతూ 2006 నాటికి 76 వేలకు తెచ్చారు. అక్కడితో ఆగిపోయింది. దక్షిణం వైపు స్టాండు వెనకే రైలు పట్టాలు, వాటి అవతల ఇళ్లు. అటు పెంచాలంటే ఖర్చు విపరీతం. ఈలోగా 2005లో గ్లేజర్ కుటుంబం అప్పు చేసి క్లబ్బును కొని, ఆ అప్పును క్లబ్బు నెత్తినే పెట్టింది. మరమ్మతులు వెనకబడ్డాయి. 2024 మేలో ఆర్సెనల్‌తో మ్యాచ్ రోజున వానకు పైకప్పు నుంచి నీళ్లు ధారగా దూకడం ప్రపంచమంతా చూసింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో క్లబ్బులో వాటా కొన్న పారిశ్రామికవేత్త జిమ్ రాట్‌క్లిఫ్ పాతది బాగుచేయడం కంటే పక్కనే కొత్తది కట్టడమే మేలనుకున్నారు. ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ సంస్థ నమూనా ఇచ్చింది: మూడు పెద్ద స్తంభాలు, వాటి మీద గొడుగులా పరుచుకున్న కప్పు, రెండు వందల కోట్ల పౌండ్ల అంచనా. భాగాలను వేరేచోట తయారుచేసి షిప్ కెనాల్ అనే ఓడల కాలువ మీదుగా తెచ్చి అమరిస్తే ఐదేళ్లలో పూర్తవుతుందన్నారు. అయితే ఆ రోజు చూపించింది నమూనానే, అనుమతికి పెట్టిన దరఖాస్తు కాదు. స్టేడియం పక్కనున్న సరుకు రైళ్ల టెర్మినల్ తరలాలి, డబ్బు ఎక్కడిదో తేలాలి.

మన దగ్గర పెద్ద భవనం ప్లాన్‌ను కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ అధికారులు చూసి పాస్ చేస్తారు. అక్కడ ఇంత పెద్ద నిర్మాణమైతే ఎన్నికైన కౌన్సిలర్ల కమిటీ బహిరంగంగా కూర్చుని ఓటేస్తుంది. చుట్టుపక్కల ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు. లివర్‌పూల్ నగరంలోని మరో క్లబ్బు ఎవర్టన్ అనుభవం చూస్తే ఆ దశ ఎంత చిన్నదో తెలుస్తుంది. రేవు పక్కన కట్టాలన్న వాళ్ల పథకం 2003లో డబ్బు కుదరక కూలింది. ఊరి బయట కిర్క్‌బీకి పోదామంటే సొంత అభిమానుల్లోనే చాలామంది ఎదురుతిరిగారు, 2009లో ప్రభుత్వం కాదంది. చివరికి 2019 డిసెంబర్లో మరో రేవు స్థలానికి దరఖాస్తు పెడితే 2021 ఫిబ్రవరిలో లివర్‌పూల్ కౌన్సిల్ కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. స్థలం, డబ్బు కోసం ఏళ్లకేళ్లు పట్టింది, అనుమతికి పద్నాలుగు నెలలు. 2025 ఆగస్టులో అక్కడ లీగ్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. లండన్ క్లబ్బు చెల్సీది ఇంకో తీరు. 2017లో 60 వేల సీట్లకు అనుమతి తెచ్చుకుని, 2018లో పథకాన్నే పక్కన పెట్టారు. కట్టకుండానే ఆ అనుమతి గడువు తీరిపోయింది.

కాబట్టి యునైటెడ్ అభిమానులు కౌన్సిల్ తేదీ కంటే రైల్వే స్థలం వార్త, అప్పు వార్త గమనించడం మంచిది. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది మరొకటుంది. 2024 నవంబర్లో, సీజన్ మధ్యలో, యునైటెడ్ క్లబ్బు ఆ సీజన్‌లో ఇంకా అమ్మకానికి మిగిలిన టికెట్ల ధరను 66 పౌండ్లు చేసింది. పిల్లలకు, ముసలివాళ్లకు ఉన్న రాయితీ తీసేసింది. అభిమానులు రోడ్డెక్కారు. కొత్త స్టేడియం అప్పు ఎవరి జేబులోంచి తీరుతుందన్న వాళ్ల భయం న్యాయమైనది. ప్లానింగ్ కమిటీ ట్రాఫిక్ చూస్తుంది, ఎత్తు చూస్తుంది, చుట్టుపక్కల ఇళ్లకు పడే శబ్దం, వెలుతురు చూస్తుంది. టికెట్ ధర అడిగే అధికారం దానికి లేదు. దాన్ని అడగాల్సింది అభిమానులే, అదీ పునాది పడకముందే.