అట్టడబ్బా బిళ్ల పూసలు: అపోహలు, వాస్తవాలు

"అంతా చెత్తేగా, నీకు పెట్టుబడేముంది?" పాత అట్టడబ్బాలు కోసి నేను బిళ్ల పూసలు, అంటే చదునైన పూసలు, చేస్తాను. బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇంటికొచ్చి వాటిని చూసినవాళ్లలో సగం మంది అనే మొదటి మాట ఇదే. అగరుబత్తి డబ్బా, టీపొడి డబ్బా, సబ్బు అట్ట, మిఠాయి పెట్టె మూత... చూడటానికి చెత్తే. అందులో పూసకి పనికొచ్చేవి పదికి నాలుగో ఐదో.

ఏ అట్టయినా ఒకటే అనుకోవడం మొదటి అపోహ. డబ్బా చేతికి రాగానే నేను మూల చించి చూస్తాను. చిరిగిన అంచున పల్చటి ప్లాస్టిక్ పొర సాగుతూ కనిపిస్తే పక్కన పెట్టేస్తాను. ఆ మెరుపు మీద ఫెవికాల్ పట్టదు, ఎండాక గోటితో గీరితే ఊడొస్తుంది. జ్యూస్ డబ్బాలదీ అదే గొడవ. వాటిలో అట్టతో పాటు ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కూడా ఉంటాయి. మందుల డబ్బాలు చాలావరకు బంగారం.

"గుండ్రటి పూస చుట్టి సుత్తితో నొక్కితే బిళ్లయిపోతుందటగా" అన్నారు పక్కింటి పిన్నిగారు, ఏదో వీడియో చూసి. నేనూ చేసి చూశాను. అంచుల్లో రంగు పగిలి తెల్లగా బయటపడింది, దారం దూరే కన్నం మూసుకుపోయింది. బిళ్ల పూసని పొరలుగా పేర్చాలి. నేను ఐదు పొరలు వేస్తాను. మధ్య పొరకి మాత్రం ఒకే ముక్క కాకుండా రెండు సన్న ముక్కలు అంటించి, వాటి నడుమ కొబ్బరి చీపురు పుల్ల పట్టేంత సందు వదులుతాను. పుల్లకి కొవ్వొత్తి మైనం రుద్ది ఆ సందులో పెట్టి, పై రెండు పొరలూ అంటించి, సన్నికల్లు కింద పెడతాను. జిగురు పూర్తిగా ఎండకముందే పుల్లని మెలితిప్పి లాగేయాలి. మర్చిపోయి పడుకున్నానా, పొద్దున్నకి పుల్ల విరుగుతుందే తప్ప రాదు.

ఇంకో సంగతి, వీడియోల్లో నాకు ఎక్కడా కనబడలేదు. అట్టకి వరస ఉంటుంది, అంటే అందులోని పీచు ఎక్కువగా సాగే దిక్కు, ప్రింటింగ్ ప్రెస్సుల్లో గ్రెయిన్ అంటారు. ముక్కని నిలువుగా, అడ్డంగా వంచి చూడండి. ఒకవైపు సులువుగా వంగుతుంది, రెండోవైపు మొరాయిస్తుంది. తడి తగిలితే అట్ట ఈ వరసకి అడ్డంగానే ఎక్కువ ఉబ్బుతుంది. ఐదు పొరల వరసా ఒకేవైపు ఉండాలి, ఒకటి తిరగబడినా పూస వేగిన అప్పడంలా మెలి తిరుగుతుంది. "జిగురు బాగా పట్టిస్తే గట్టిగా ఉంటుంది" అనేవాళ్లకీ ఇదే జవాబు. జిగురులో నీళ్లుంటాయి కదా, ఎక్కువ పూసేకొద్దీ ఉబ్బూ ఎక్కువే. ఒక్క బొట్టు వేసి పాత ఏటీఎం కార్డుతో గీకి పల్చన చేస్తే చాలు.

"వార్నిష్ వేస్తే నీళ్లలో వేసినా ఏం కాదు." అవుతుంది. వార్నిష్ ఉండేది పైన. కన్నం లోపలా, కోసిన అంచుల్లోనూ అట్ట బయటికే ఉంటుంది. చెమట అటునుంచే ఎక్కుతుంది, మే నెలలో బెజవాడ చెమట సంగతి చెప్పాలా? అంచులకీ కన్నం మొదళ్లకీ విడిగా రెండుసార్లు పూస్తాను. స్నానానికి ముందు తీసేయమని కొన్నవాళ్లకి చెప్తాను. ఆరడానికి తొందర కూడా పడకూడదు. ఒక ఆగస్టులో ముసురు పట్టినప్పుడు, చేతికి అంటట్లేదు కదా అని నాలుగో రోజే డబ్బాలో పోసేశాను. రాఖీల ఆర్డర్ అది! తీసేసరికి అన్నీ పల్లీ ఉండలా ఒకటే ముద్ద.

ఇక చెత్తతో చేసినదానికి ధరేంటి అనేవాళ్ల సంగతికి వస్తే, విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండ్ ఆడవాళ్లు గోడకాగితం ముక్కలతో పూసలు చుట్టేవాళ్లు. ఉగాండా ఆడవాళ్ల కాగితం పూసలు ఇవాళ దేశదేశాలకీ పోతున్నాయి. అంతదూరం ఎందుకు, పక్కనే కొండపల్లిలో బొమ్మ కొనేటప్పుడు తెల్లపొణికి కర్ర ఖరీదెంతని లెక్కేస్తామా?

"పర్యావరణాన్ని కాపాడుతున్నావమ్మా" అని మెచ్చుకుంటే మాత్రం నాకే ఇబ్బందిగా ఉంటుంది. శుభ్రమైన అట్ట పాత పేపర్లకి వేస్తే మళ్లీ కాగితమవుతుంది. జిగురూ వార్నిషూ పట్టిన నా పూసకి ఆ యోగం లేదు. అందుకే కోతలో మిగిలిన ముక్కల్ని, జిగురు తగలకముందే, వేరే సంచిలో వేస్తాను. నెలాఖరుకి పాత పేపర్లాయన వచ్చి తూచుకుని పట్టుకెళ్తాడు.