సేంద్రియ సబ్సిడీ ఎవరికి పోయిందో చెప్పడానికి ఇంత మొహమాటం ఎందుకు?

సేంద్రియ సాగు సబ్సిడీ ఎవరెవరికి అందిందో జాబితా పెట్టండని అడిగితే "అది రైతుల సొంత విషయం కదా" అనే జవాబు తేలిగ్గా వస్తుంది. సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) అలా అనలేదు. పైగా ఆ చట్టం ఈ సబ్సిడీ కంటే పదేళ్లు పెద్దది.

1997-98లో పత్తి పోయి, ఎంత మందు కొట్టినా పురుగు చావక, అప్పులు మీదపడి వరంగల్ జిల్లాలో వరసగా రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మందు లేని సాగు గురించి ఇక్కడ గట్టిగా మాట్లాడటం మొదలైంది ఆ దెబ్బ తర్వాతే. లింగాల ఘనపురం మండలం ఏనెబావి, అప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ, 2006లో ఊరంతా సేంద్రియమే అని ప్రకటించుకుంది. స్వచ్ఛంద సంస్థలు వెంట నిలిచాయి గానీ ఇప్పుడు సబ్సిడీ ఇస్తున్న కేంద్రం పథకం అప్పటికి పుట్టనే లేదు. ఎరువుల సబ్సిడీ ఉండేది, అదేమో కంపెనీలకు పోతుంది (ఇప్పటికీ అంతే), రైతుకు కనిపించేది బస్తా ధర ఒక్కటే.

2015-16లో ఆ పథకం, సేంద్రియ సాగుకు సబ్సిడీ ఇచ్చే పరంపరాగత్ కృషి వికాస్ యోజన వచ్చింది. మొదట్లో 50 మంది రైతులు, 50 ఎకరాలు కలిస్తే ఒక క్లస్టర్. డబ్బులో కేంద్రానిది 60 పాళ్లు, రాష్ట్రానిది 40. ఆ తర్వాత సవరించిన లెక్క ప్రకారం మూడేళ్లకు కలిపి హెక్టారుకు 31,500 రూపాయలు, అందులో నేరుగా రైతు ఖాతాలో పడేది 15,000. ఎకరానికి లెక్కేసుకుంటే ఏడాదికి రెండు వేల చిల్లర! మిగిలిన సగానికి పైగా డబ్బు శిక్షణ, సర్టిఫికెట్, ప్యాకింగ్, మార్కెటింగ్ ఖర్చుల కింద పోతుంది. అందుకే లబ్ధిదారుల జాబితా అంటే రైతుల పేర్లు మాత్రమే అనుకుంటే సగం లెక్క చూసినట్టే, ఆ శిక్షణ ఎవరిచ్చారు, ఎన్ని రోజులిచ్చారు, బిల్లు ఎంత అన్నది కూడా అందులో ఉండాలి. పాస్‌బుక్ ఒకరి పేరున, కౌలు సాగు ఇంకొకరిది అయిన చోట అసలు డబ్బు ఎవరి చేతికి చేరిందో తేలేది కూడా పేర్లు బయట ఉంటేనే.

2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)లో సబ్సిడీ పథకాలకు కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే ప్రచురించాలని రాసి ఉంది. ఇది మనకు కొత్తేమీ కాదు, ఉపాధి హామీలో ఎవరికి ఎన్ని రోజుల కూలి పడిందో సామాజిక తనిఖీలో ఊరి ముందు చదివింది ఉమ్మడి రాష్ట్రంలోనే. పీఎం కిసాన్ జాబితా కూడా ఊరి పేరు కొడితే వస్తుంది. అయినా 20 లక్షలకు పైగా అనర్హులకు ఆ డబ్బు పోయిందని ఆర్టీఐ జవాబుతోనే బయటపడింది, అదీ 2021లో.

2023 డేటా రక్షణ చట్టం ఇక్కడ కొత్త మెలిక పెట్టింది. వ్యక్తిగత సమాచారం ఇవ్వకపోవడానికి ఇంతకుముందు ఉన్న షరతులను సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె) నుంచి తీసేసింది. ఆధార్, ఖాతా నంబర్లు దాచమనండి, నేనూ దాచమనే అంటా. పేరు, ఎకరాలు, అందిన మొత్తం మాత్రం జనం సొమ్ము లెక్క. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చనే సెక్షన్ 8(2) ఇంకా సమాచార హక్కు చట్టంలోనే ఉంది కాబట్టి, దరఖాస్తులో దాన్ని పేరుపెట్టి రాయండి, క్లస్టర్ వారీగా శిక్షణ బిల్లులు కూడా అడగండి.