దాత మృదులాస్థి: ఆ 28 రోజుల గడువు ఎక్కడి నుంచి వచ్చింది?

మరణించిన దాత మోకాలి నుంచి ఎముకతో సహా తీసిన మృదులాస్థిని (కార్టిలేజ్) దెబ్బతిన్న మరో మోకాలిలో అమర్చే శస్త్రచికిత్సకు ముందుగా తేదీ పెట్టుకోవడం కష్టం. కొలతకు సరిపోయే ముక్క కోసం రోగి నెలల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. దొరికిందని కబురు వచ్చాక మాత్రం వ్యవధి కొద్ది రోజులే. సేకరించిన ముక్క దాదాపు రెండు వారాలు పరీక్షల కోసం, దాతల కణజాలాలను భద్రపరిచే టిష్యూ బ్యాంకులోనే ఉంటుంది. సుమారు 28 రోజులు దాటితే దాన్ని వాడటానికి చాలామంది సర్జన్లు ఇష్టపడరు. ఉద్యోగానికి సెలవు పెట్టి, ఇంట్లో ఏర్పాట్లు చేసుకుని, ఆ రెండు గడువుల నడుమ ఆసుపత్రికి చేరాలి. రోగులను ఇంత ఇబ్బంది పెడుతున్న ఈ లెక్క వెనక వందేళ్లకు పైబడిన అనుభవం ఉంది. అందులో ఒక యువకుడి మరణం కూడా ఉంది.

కీలు చివర ఎముకను కప్పి ఉండే మృదులాస్థి మందం సాధారణంగా 2 నుంచి 4 మిల్లీమీటర్లు. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. కణాలు చాలా తక్కువ. దెబ్బ తగిలితే మరమ్మతుకు కావలసిన సరుకును మోసుకొచ్చే రక్తం అక్కడికి చేరదు. పాడైన మృదులాస్థి తిరిగి కోలుకోదని బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ 1743లోనే రాశాడు. ఆ మాట నేటికీ చాలావరకు నిజమే.

తనంతట తాను పెరగనిదాన్ని మరొకరి శరీరం నుంచి తెచ్చి పెట్టవచ్చని జర్మన్ సర్జన్ ఎరిక్ లెక్సర్ నమ్మాడు. తొలగించిన కాళ్ల నుంచి, మృతదేహాల నుంచి తీసిన కీళ్లను అమర్చిన అనుభవాన్ని 1908లో ప్రకటించాడు. యాంటీబయాటిక్స్ లేని కాలం అది. కణజాలాన్ని శరీరం ఎందుకు తిరస్కరిస్తుందో కూడా అప్పటికి తెలియదు. 1925లో తన ఫలితాలను సమీక్షించుకున్నప్పుడు సుమారు సగం విజయవంతమయ్యాయని తేలింది. ఆ పరిస్థితుల్లో అది చిన్న విషయం కాదు.

తర్వాతి దశాబ్దాల్లో అందరి దృష్టీ ఎముకను నిల్వ చేయడం మీదికి మళ్లింది. 1949లో అమెరికా నౌకాదళం బెథెస్డాలో టిష్యూ బ్యాంకును ప్రారంభించింది. గడ్డకట్టించిన ఎముకలో కణాలు చచ్చిపోయినా నష్టం లేదు. కొత్త శరీరం దాన్ని ఆధారంగా చేసుకుని క్రమంగా తన సొంత ఎముకను అల్లుకుంటుంది. మృదులాస్థి సంగతి వేరు. దానిలోని కణాలే చుట్టూ ఉన్న పదార్థాన్ని పోషిస్తూ నిలబెడతాయి. గడ్డకట్టిస్తే వాటిలో చాలావరకు చనిపోతాయి, ఆ తర్వాత నునుపైన ఆ పొర కాలక్రమేణా శిథిలమవుతుంది. ఎముకను ఏళ్ల తరబడి దాచగలిగిన పద్ధతి మృదులాస్థి విషయంలో అక్కరకు రాలేదు.

అందుకే టొరంటోలో అలన్ గ్రాస్ బృందం 1972లో మొదలుపెట్టిన ప్రయత్నాన్ని ఈ చరిత్రలో అసలైన మలుపుగా చూస్తాను. వారు ముక్కను గడ్డకట్టించకుండా చల్లగా ఉంచి, దాత మరణించిన కొద్ది రోజుల్లోనే తాజాగా అమర్చేవారు. తిరస్కరణ భయానికి కూడా అక్కడే చాలావరకు సమాధానం దొరికింది. మృదులాస్థి కణాలను విడదీసి చూస్తే రోగనిరోధక వ్యవస్థ స్పందిస్తుంది. అవే కణాలు తమ దట్టమైన పదార్థంలో ఒదిగి ఉన్నప్పుడు దాని కంటపడవు. అందువల్ల మూత్రపిండం మార్పిడిలోలాగా రోగి జీవితాంతం మందులు వాడాల్సిన పని లేదు. ముక్కకు అంటుకుని ఉన్న ఎముకలో మాత్రం రోగనిరోధక వ్యవస్థ కంటపడే దాత మజ్జ ఉంటుంది. అమర్చే ముందు దాన్ని ద్రావణంతో బాగా కడిగి, ఎముక భాగాన్ని వీలైనంత పలుచగా ఉంచుతారు.

తొడ ఎముక చివర అమర్చిన ముక్కల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు 15 ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నాయని టొరంటో బృందం 2005లో తెలిపింది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది 2007లో వారు ప్రచురించిన మరో నివేదిక. అమర్చి 25 ఏళ్లయిన ముక్కను పరీక్షిస్తే అందులో మృదులాస్థి కణాలు ఇంకా జీవించే ఉన్నాయి. కణాలను బతికించుకుంటే కీలు నిలుస్తుందన్న నమ్మకానికి అంతకంటే పెద్ద బలం ఏముంటుంది?

ఈలోగా ఇతర దారులూ తెరుచుకున్నాయి. ఎముకకు సన్నని రంధ్రాలు చేసి మజ్జను పైకి రప్పించడం, రోగి మోకాలిలోనే బరువు తక్కువ పడే చోటు నుంచి చిన్న ముక్కలు తీసి నాటడం, స్వీడన్ వైద్యులు చూపినట్లు రోగి కణాలనే ప్రయోగశాలలో పెంచి తిరిగి పెట్టడం వాటిలో ముఖ్యమైనవి. చిన్న గాయాలకు ఇవి ఉపయోగపడతాయి. గుంత పెద్దదై, కింది ఎముక కూడా పోయినప్పుడు ఎముకనూ మృదులాస్థినీ ఒకేసారి తెచ్చేది దాత ముక్కే. కృత్రిమ కీలు వేయడానికి మరీ చిన్న వయసు అనిపించే రోగులకు దీని విలువ ఎక్కువ. కీలు మొత్తం అరిగిపోయినవారికి, కాలి వంకర సరిచేయనివారికి మాత్రం ఫలితాలు అంత బాగుండవు.

తాజాగా అమర్చడంలోని ప్రమాదం 2001 నవంబరులో బయటపడింది. అమెరికాలోని మిన్నెసోటాలో 23 ఏళ్ల యువకుడికి దాత ముక్కతో మోకాలి శస్త్రచికిత్స జరిగింది. ప్రాణాపాయం ఉంటుందని ఎవరూ ఊహించని శస్త్రచికిత్స అది. నాలుగు రోజులకే అతను చనిపోయాడు. కారణం క్లాస్ట్రిడియం సార్డెలై అనే బ్యాక్టీరియా. దాత మృతదేహాన్ని 19 గంటల పాటు శీతలీకరించలేదని విచారణలో తేలింది. అలాంటి కణజాలాల ద్వారా సోకిన మరికొన్ని కేసులు కూడా వెలుగుచూశాయి. కణాలు చనిపోతాయి కాబట్టి తాజా ముక్కను ఇతర కణజాలాల్లా తీవ్రంగా శుద్ధి చేయలేరు. ఇక రక్షణగా మిగిలేవి దాత ఎంపిక, శుభ్రమైన సేకరణ, ఓపికగా చేసే పరీక్షలు. కణజాల సేకరణ, నిల్వలపై అమెరికా ప్రభుత్వ నిబంధనలు 2005 మేలో అమల్లోకి వచ్చాయి. బ్యాక్టీరియా పరీక్షల ఫలితాలు పూర్తిగా తేలేదాకా ముక్కను విడుదల చేయకపోవడం స్థిరపడింది. ఆ రెండు వారాల నిరీక్షణ రోగికి విసుగు తెప్పించవచ్చు. దాన్ని తగ్గించమని అడగడం మాత్రం నా దృష్టిలో పొరపాటు.

సరిగ్గా ఆ రెండు వారాలు ముగిసేసరికే కణాల పతనం కూడా మొదలవుతుంది. నాలుగు డిగ్రీల చలిలో ఉంచినా 14 రోజుల తర్వాత జీవకణాల సంఖ్య తగ్గుతూ పోతుందని ప్రయోగశాల అధ్యయనాలు చూపాయి. 28 రోజుల హద్దు అక్కడి నుంచి వచ్చింది. దాన్ని చలి తగ్గించి జరపవచ్చా అని మిస్సౌరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయత్నించారు. రిఫ్రిజిరేటర్‌లో కాకుండా గది ఉష్ణోగ్రతలో, ప్రత్యేక ద్రావణంలో ముక్కను ఉంచితే దాదాపు ఎనిమిది వారాల వరకు కణాలు తగినంతగా జీవించి ఉంటున్నాయని వారి పరిశోధన చెబుతోంది. వ్యవధి రెట్టింపైతే, కొలత కుదిరిన రోగి దూరంలో ఉన్నాడన్న కారణంతో వృథా అయ్యే ముక్కలు తగ్గుతాయి. ఒక కుటుంబం దుఃఖంలో ఉండి కూడా ఇచ్చిన దానం అది.